తెరకు వీపు పెట్టిన మామ

మా మేనమామకు దేవరకొండలో ఫొటో దుకాణం ఉండేది. నందికొండ డ్యాం దగ్గర్నుంచి బదిలీ అయిపోతున్న ఓ ఇంజనీరు నుంచి చిన్న సినిమా కెమెరా, ప్రొజెక్టరు కొని, మూగ సినిమాలు తీసేవాడు. హీరో వేషం, ప్రొజెక్టరు తిప్పే పని రెండూ మేనల్లుణ్ని కాబట్టి నాకే.

పొద్దు గూకగానే గొర్ల కాపరుల పల్లెలో సున్నం గోడ మీద ఆట మొదలయ్యేది. మామ మాత్రం గోడకు వీపు పెట్టి, జనాన్ని చూస్తూ కూర్చునేవాడు.

“జర సినిమా సూడు మామా” అంటే, “నేను తీసిందే గదరా! నాకు మొకాలు గావాలె” అనేవాడు.

ఎవరైనా ఆవులిస్తే మర్నాడు ఆ ముక్క కత్తెరకు పోయేది. నేను ఏడ్చిన సీన్లన్నీ అట్లాగే పోయాయి.

ఒకసారి నేను మందను మేతకు తోలుకుపోయి, సాయంత్రం ఇంటికి తెచ్చే సీను ఆడుతోంది. ముందు వరసలోని ముసలి కాపరి లేచి నన్ను నిలదీశాడు.

“పొద్దుగాల కుంటి గొర్రె పోయింది, గిప్పుడు రాలే. ఏడ వోగొట్టినవ్‌రా?”

పల్లె మొత్తం లేచింది. ఆట ఆగింది. “తప్పయింది. మళ్ల ఆటకు దేవులాడి తెస్త” అని మామ చేతులు జోడించాడు.

“గది సినిమా అని చెప్పరాదు మామా?” అన్నాను.

“నీ ఏడుపుకు ఆవులించినోళ్లు గొర్రె కోసం లేసిన్రు. ఇగ నాకు కథ దొరికిందిరా!”

మిగిలిన రీలంతా ఆ గొర్రె కుంటుకుంటూ ఇల్లు చేరే సీను తీయడానికే సరిపోయింది. మళ్లీ ఆడించిన రోజు జనం ఈలలు వేశారు. కథ చివర తీయాల్సిన నా పెళ్లి సీనుకు రీలు మిగల్లేదు. ఆ పెళ్లి ఏమైందని ఈనాటికీ ఒక్కరూ అడగలేదు.