పై వంటింట్లో మొదటి మరక

నా చిన్నప్పుడు మా పక్కింట్లో రెండు వంటిళ్లు ఉండేవి. ఒకటి వండుకోవడానికి, రెండోది తుడుచుకోవడానికి.

మేం కెనడాలోని బర్నబీకి వచ్చిన కొత్త. నాకు తొమ్మిదేళ్లు. మా నాన్నగారు డాక్టరు కాబట్టి నేనూ డాక్టరునే అవుతానని చూసినవాళ్లందరూ తీర్మానించేశారు. నేనేమో పదో తరగతిలోనే బడికి దండం పెట్టి సెలూన్‌లో చేరాను. ఆయనా కత్తెరతోనే బతికారు, నేనూ కత్తెరతోనే బతికాను. కాకపోతే ఆయన ముందు మత్తుమందు ఇచ్చేవారు. నేను కబుర్లతో సరిపెట్టాను.

పక్కింట్లో ఉండేది ఇటలీ నుంచి వచ్చిన ముసలి దంపతులు. వీధి పిల్లలందరికీ ఆమె నోన్నా, ఆయన నోన్నో. వాళ్ల భాషలో అమ్మమ్మ, తాతయ్య అన్నమాట. వాళ్ల ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ అప్పట్లో ఒకే క్లాసు. అందుకే మాకు బాగా కుదిరింది.

వాళ్ల వంటంతా బేస్‌మెంట్‌లో జరిగేది. అక్కడ ఒక పాత గ్యాస్ పొయ్యి, పది మంది కూర్చునే బల్ల, గోడ పొడుగునా టమాటా గుజ్జు నింపిన సీసాలు. పైన ఉన్నది తెల్లటి వంటిల్లు. కొడుకు కొనిచ్చిన కరెంటు పొయ్యి కూడా తెల్లటిదే. మీటల మీద ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది. నోన్నా రోజూ పొద్దున్నే దాన్ని బిడ్డకి ముఖం కడిగినట్టు తుడిచి, కిందికి దిగి వండేది. అది చుట్టాలు చూసి మెచ్చుకోవడానికట. ఆ పేటలో వాళ్ల దేశంవాళ్ల ఇళ్లన్నీ అంతే. మా అమ్మ ఒకసారి చూసొచ్చి, మనం కొత్త చీర బీరువాలో పెట్టినట్టు వీళ్లు వంటింటినే పెట్టుకున్నారంది.

ఆ ఏడు వసంతంలో నోన్నా బేస్‌మెంట్ మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన రోజున కొడుకొచ్చి కింది తలుపుకి తాళం వేసి, తాళంచెవి తండ్రి చేతికిచ్చాడు. కొడుకు మంచివాడు. చిక్కంతా అక్కడే. చెడ్డవాడైతే ఒక్క తిట్టుతో పోయేది. అమ్మ ఇక మెట్లు దిగకూడదు, పైనే వండుకోవాలి, అలా కుదరకపోతే ఇల్లు అమ్మేసి తన అపార్ట్‌మెంట్‌కి వచ్చేయాలి, ఆదివారం భోజనానికి వస్తాను, ఆ రోజే తేల్చేద్దాం అని చెప్పి వెళ్లాడు. ఇల్లు పోతే నోన్నో చిక్కుడు పందిళ్లూ పోతాయి. ఆయన ఊరికే పెరట్లోకి వెళ్లి నిలబడ్డాడు.

ఆ వారమంతా వాళ్లు రొట్టే చీజూ తిన్నారు. అందరూ ఆమెకి కొత్త పొయ్యి మీటలంటే భయం అనుకున్నారు. కోడలు ఫోన్‌లో పాఠం చెప్పింది. నన్ను కూర్చోబెట్టి పొయ్యితో వచ్చిన పుస్తకం చదివించారు. నేను చదివితే పొయ్యికే భయం వేయాలి. కానీ నేను చూస్తూనే ఉన్నాను, ఆమెకి మీటలు వచ్చు. తిప్పేది, వెలిగేది. గిన్నె పెట్టబోయి, ఆ తెల్లదనం చూసి, ఆపేసి, గుడ్డ తీసుకుని తుడిచేది.

శనివారం నేను కొత్త గౌను వేసుకుని పెరట్లోకి వెళ్లాను. నోన్నో చిక్కుడు తీగలకి తాడు కడుతున్నాడు. గౌను అంచున పసుపు మరక చూసి, అయ్యో, అప్పుడే పాడుచేశావా అన్నాడు. నేను చేయలేదు, మా అమ్మే చేసింది అన్నాను. కొత్త బట్ట తొడిగే ముందు ఒక మూల పసుపు పెట్టడం మా ఇంట్లో ఆచారం అని నాకొచ్చిన నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు.

"కావాలనే పెడుతుందా?"

"కావాలనే. పెట్టాకే తొడుక్కోవాలి."

ఆయన తాడు పట్టుకుని అలాగే చాలాసేపు ఉండిపోయాడు. నేను తాడుకి ముడి పడిందేమో అనుకున్నాను.

మర్నాడు పొద్దున నన్ను పిలిచాడు. బేస్‌మెంట్ నుంచి టమాటా గుజ్జు సీసా ఒకటి పైకి తెచ్చి, నాచేత పట్టించి, పొయ్యి మీదున్న గిన్నెలో వంచమన్నాడు. నోన్నా పక్కగదిలో జుట్టు దువ్వుకుంటోంది. నేను ఊపిరి బిగబట్టి వంచుతున్నాను. ఆయన మోచెయ్యి నా చేతికి తగిలింది. అంతే. పొయ్యి మీద ఎరుపు, గోడ మీద ఎరుపు, కింద నేల మీద ఎరుపు, నా కాళ్ల మీద కూడా.

నోన్నా వచ్చింది. ఆమె వాళ్ల భాషలో ఆయన్ని ఉతికి ఆరేసింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ ఆయన పుట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టిందని తెలిసింది. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, తల వంచుకుని, అంతా నిలబడి విన్నాడు. నేను మాత్రం తప్పు నాదేనని ఏడుస్తూ నిలబడ్డాను.

ఆమె తుడిచింది. మళ్లీ తుడిచింది. పొయ్యి వదిలింది, నేల వదిలింది, గోడ మీద అరచేయంత మచ్చ మాత్రం వదల్లేదు. గుడ్డ పక్కన పడేసి దానివైపు చూసింది. తర్వాత సీసావైపు చూసింది. సగం మిగిలే ఉంది. ఆమె చేతుల మీదుగా తిండి పారబోయడం జరిగే పని కాదు. మీటల మీది ప్లాస్టిక్ కాగితం పట్టుకుని చర్రున లాగేసింది. ఉల్లిపాయలు తెమ్మని నన్ను పంపింది.

మధ్యాహ్నం కొడుకు గుమ్మంలోనే ఆగి వాసన పీల్చాడు. ఇల్లమ్మే మాట ఆ రోజు ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. రెండోసారి వడ్డించుకున్నాడు.

తిన్నాక పెరట్లో నోన్నో నా పక్కన కూర్చున్నాడు. అప్పటికీ నా ముఖం బాగాలేదు.

"ఒలకబోసింది నువ్వు కాదు, నా మోచెయ్యి," అన్నాడు. "మీ అమ్మ దగ్గర పసుపు ఉంది. నా దగ్గర టమాటా ఉంది."

ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను. అమ్మ నవ్వి, ఆవిడ కోసం కాకపోతే అన్ని తిట్లు ఎవరు తింటారు అంది.

ఆ మచ్చ మీద ఒక క్యాలెండర్ తగిలిస్తే సరిపోయేది. నోన్నా తగిలించలేదు. నేను పెళ్లి చేసుకుని వెళ్లేదాకా అది అక్కడే ఉంది, దాని చుట్టుపక్కల ఇంకా చాలా చేరాయి. ఆ ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉండి, ఆ పందిళ్ల కిందే ముసలితనం గడిపారు.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. సెలూన్ నాదే. కొత్తగా పనిలో చేరేవాళ్లు మొదటి రోజు ఎదుటివాళ్ల జుట్టు పాడుచేస్తామేమోనని కత్తెర గాల్లోనే ఆడిస్తుంటారు. అప్పుడు నేనే వెళ్లి వాళ్ల కుర్చీలో కూర్చుని, ముందు నా జుట్టు కోయమంటాను. మొన్న చేరినామెకి నలభై ఏళ్లు, ఈ దేశానికి వచ్చి రెండు నెలలు. నా ఎడమ చెవి పైన జుట్టు రెండు వేళ్లంత ఎక్కువ కోసేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇన్నేళ్లుగా సెలూన్ నడిపే మనిషి జుట్టు ఇలా ఉందేమిటని అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. నేను అద్దంలో చూసుకుని, మెడకి కట్టిన గుడ్డ దులిపి, తర్వాతి మనిషిని ఆమె కుర్చీలోకే పంపించాను.