పదడుగుల బెంచీలు, ఐదడుగుల నడవా

నిన్న ఉదయం పదకొండూ పదికి, బెంగళూరులో మా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అపార్ట్‌మెంట్ మెట్ల మీదుగా ఎవరిదో సోఫా గోడకు గీసుకుంటూ పైకి వెళ్ళింది. ఆ చప్పుడుకు సిస్టర్ ఫిలోమినా నవ్వు గుర్తొచ్చింది. యలహంక వైపు ఒక చర్చి బడికి ఆవిడ హెడ్మిస్ట్రెస్. నేను అక్కడ లెక్కల టీచరుని. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

ఆ బడి మొదట ఫాదర్ ఇంటి వరండాలో నడిచిందట. తరువాత పెంకుల హాలు కట్టారు. నేను చేరేనాటికి ఆ ఒక్క హాల్లోనే వారమంతా నాలుగు తరగతులు, ఆదివారం పూజ. శనివారం సాయంత్రం పిల్లలు నలభై బెంచీలనూ నల్లబల్ల వైపు నుంచి పూజాపీఠం వైపు తిప్పేవారు. సోమవారం మళ్ళీ వెనక్కి. అందుకే నాలుగు గదుల కొత్త భవనం అంటే మాకు పండగ. గదికి ఆరు చొప్పున ఇరవై నాలుగు బెంచీలు అక్కడికి, మిగిలిన పదహారు పూజకు. కొలతలు చూసే పని సిస్టర్ నాకప్పగించారు. గది కొలిచాను, తలుపు కొలిచాను, బెంచీ కొలిచాను.

ప్రారంభం రోజు బిషప్‌గారు పదింటికి వస్తారనగా, ఎనిమిదిన్నరకు మొదటి బెంచీ నడవాలో ఇరుక్కుంది. బెంచీ పదడుగులు, నడవా ఐదు. తిరిగితేనే తలుపులోకి వెళుతుంది. తిరగదు.

"అన్నీ కొలిచినావు టీచరమ్మా," అన్నాడు మేస్త్రీ మునియప్ప. "బెంచీ తిరిగే జాగా ఒకటే మరిచినావు."

నా ఉద్యోగం ఆ నడవాలోనే పోయిందనుకున్నాను. సిస్టర్ కోలారు వైపు మనిషి. వంగి చూసి, పగలబడి నవ్వారు.

"ప్లాను నేనూ చూసినా కదప్పా! నాకూ తోచలేదే. కిటికీలకు కమ్ములు వేసినావా మునియప్పా?"

"యాడ సిస్టర్? సోమవారం వేస్తామంటిమి గదా."

"బతికిస్తివి. పిల్లల్ని పిలువు."

ఆటస్థలం వైపు, ఊచలు ఇంకా వేయని కిటికీల్లోంచి, పిల్లల చేతుల మీదుగా, ఒక్కొక్క బెంచీ లోపలికి వెళ్ళింది. ఒక్కోదానికీ చప్పట్లు. ఇరవై నాలుగోది తొమ్మిదీ యాభైకి చేరింది.

సాయంత్రం సిస్టర్ బడి చరిత్ర రాసే పుస్తకం నా ముందు పెట్టారు. "జరిగింది రాయి. రేపు కట్టేవాళ్ళకు పనికొస్తాది." పొరపాటు ఎవరిదో కూడా రాసి, నా పేరు పెట్టాను. ఆవిడ కలం తీసుకుని, నా పేరుకు ముందు తన పేరు చేర్చారు.

"సోమవారం నుంచి నువ్వు పర్మనెంటు," అన్నారు. "ఇంకా పై అంతస్తు కొలిచేది ఉండాది."

అక్కడే ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. నా కింది టీచర్ల పొరపాట్లు ఆ పుస్తకంలోకి ఎక్కించవలసి వచ్చినప్పుడల్లా, ముందు నా పేరు రాసేదాన్ని. మొత్తం పదిహేడుసార్లు. వాటిలో నాలుగు నిజంగా నావే.