మా పెద్దమ్మ చేతులు, ఆ ఉతుకుడు మిషన్

మా పెద్దమ్మ పోయిన గురువారం మధ్యాహ్నం కన్నుమూసింది. మరుసటి రోజు పొద్దున మా కుష్ఠు ఆసుపత్రి వెనకున్న సమాధుల తోటలో ఆమెను పాతిపెట్టాం. నిజామాబాద్ నుంచి వచ్చిన పాస్టరు గారు ప్రార్థనలో ఆమె సహనం గురించి చెప్పారు. ఆమెకు సహనం ఉండేదని నేను అనుకోను. ఆమెకు ఉన్నది మొండితనం. దాని గురించే మీకు చెప్పాలనిపించింది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. ముప్పై ఏళ్లు నిండకముందే కుష్ఠు వచ్చి, నందిపేట్ పక్క పల్లె నుంచి ఈ ఆసుపత్రికి చేరింది. మందులతో జబ్బు నయమైంది కానీ చేతులకు స్పర్శ తిరిగి రాలేదు. ఇంటికి పోతే గడప తొక్కనివ్వలేదు. అందుకని ఇక్కడే ఉండిపోయి బట్టల గది చూసుకునేది. 1960ల మొదట్లో నేను నర్సు పని నేర్చుకుని ఇదే ఆసుపత్రిలో చేరాను.

బట్టల గది అంటే రోగుల పుండ్లకు కట్టిన కట్లను, దుప్పట్లను గుండిగల్లో మరిగించి ఉతికే చోటు. బయటివాళ్లు ఆ బట్టలు ముట్టేవారు కాదు. ఉతికే నలుగురు ఆడవాళ్లూ పెద్దమ్మలాగే జబ్బు నయమై, చేతుల్లో స్పర్శ లేనివాళ్లు. ఒకరోజు వాళ్లలో ఒక అవ్వ మసిలే నీళ్లలో చెయ్యి పెట్టి కట్లు తీసింది. కాలిన సంగతి ఆమెకు తెలియనే లేదు. పొక్కులు లేచాక పక్కనున్నామె చూసి కేకవేసింది. ఆ పుండు మానలేదు. చివరికి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది.

ఆ మర్నాడే పెద్దమ్మ డాక్టరు గారి ముందు నిలబడింది.

"సార్, గోదాంల పడి ఉన్న ఉతుకుడు మిషన్ నాకియ్యుండ్రి. బాగు చేస్త."

బోధన్ చక్కెర మిల్లులో పనిచేసిన ఒక తెల్ల ఇంజనీరు తన దేశం వెళ్లిపోతూ ఆసుపత్రికి ఇచ్చిపోయిన మిషన్ అది. నాలుగు కాళ్ల మీద గుండ్రటి తొట్టి, కింద మోటారు, పైన బట్టలు పిండే రెండు రబ్బరు రోలర్లు. వైర్లన్నీ ఎలుకలు కొరికేశాయి.

డాక్టరు గారు గుంటూరు వైపు మనిషి, మెత్తనివారు. "ఆ చేతులతో కరెంటు పని ఎలా చేస్తావమ్మా?" అన్నారు.

"నా చేతులు మొద్దువి సార్, నేను గాదు."

నేను పక్కనే ఉండాలన్న షరతు మీద ఒప్పుకున్నారు.

నెలన్నర పట్టింది. మా ఇద్దరిలో ఎవరికీ మోటారు సంగతి తెలియదు. విప్పిన ప్రతి మరమేకునూ పెద్దమ్మ విప్పిన వరసలోనే చాప మీద పేర్చేది. గడ్డకట్టిన గ్రీజును కిరోసిన్‌తో కడిగింది. తెగిన బెల్టుకు బదులు రైసు మిల్లులో పారేసిన బెల్టును తెచ్చి, కోసి కుట్టించింది. పగిలిన రోలర్లకు సైకిలు ట్యూబు అతికించింది. అరగంటకోసారి పని ఆపి రెండు చేతులూ నా ముందు చాపేది.

"సూడు బిడ్డా, యాడనన్న తెగిందా?"

చాలాసార్లు తెగే ఉండేది. కట్టు కట్టించుకుని మళ్లీ కూర్చునేది.

వైర్ల దగ్గర ఆగిపోయాం. మోటారును బస్సులో వేసుకుని నిజామాబాద్‌లో మోటార్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి పోయాం. పెద్దమ్మ వేళ్లు చూసి ఆయన లేచి నిలబడ్డాడు.

"గాడనే పెట్టమ్మా. నేను ముట్ట."

నాకు ఒళ్లు మండింది. పెద్దమ్మ మాత్రం మోటారును గడప బయటే దించి, "ముట్టకు అన్నా. నోటితోని చెప్పు, మేం చేసుకుంటం," అంది.

 ఆయన దూరంగా కూర్చుని ఏ తీగ ఎక్కడ కలపాలో చెప్పాడు. ఎర్త్ తీగ గురించి మూడుసార్లు చెప్పాడు. "గది మర్శిపోతే పానం పోతది." తిరుగు బస్సులో దారి పొడవునా పెద్దమ్మ ఆ మాటలే గొణుక్కుంటూ కూర్చుంది.

మొదటిసారి నడిపిన రోజు గోడ స్విచ్చి నేనే వేశాను. తొట్టి ఒకసారి వణికింది. లోపల నీళ్లు అటూ ఇటూ తిరగసాగాయి. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. ఉతుకుడు అయ్యాక పెద్దమ్మ కట్లను ఒక్కొక్కటిగా రోలర్ల మధ్యకు అందిస్తూ, వెనక్కి తిరిగి అవ్వతో ఏదో అంటోంది. తడి గుడ్డ ఆమె వేళ్లకు చుట్టుకుంది. నేను చూసేసరికి మూడు వేళ్లు రోలర్ల మధ్యకు పోయాయి. ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది.

నా అరుపు విని అప్పుడు చూసుకుంది. నేను స్విచ్చి వైపు పరుగెత్తబోయాను.

"ఉరుకకు," అంది. "కింద సబ్బు నీళ్లున్నయి. నడిసి పో."

స్విచ్చి ఆరడుగుల దూరంలో ఉంది. నడిచాను. ప్రతి అడుగుకూ రోలర్లు తిరిగే చప్పుడు వినిపిస్తూనే ఉంది. స్విచ్చి ఆపి వచ్చి, రోలర్ల పైనున్న బిగింపు మరను వదులు చేస్తే చెయ్యి బయటికి వచ్చింది. నేను ఏడుస్తూ ఆ వేళ్లకు గుడ్డ చుట్టాను.

"నాకు లేని నొప్పి నీకెందుకు బిడ్డా?" అంది. కానీ ఆమె పెదవులు పాలిపోయాయి. ఆమె భయపడడం నేను చూసింది ఆ ఒక్కసారే.

చిటికెన వేలు పోయింది. మిషన్‌ను మళ్లీ గోదాములో పడేయమన్నారు డాక్టరు గారు. పెద్దమ్మ కట్టు కట్టిన చేత్తోనే ఆయన గదికి పోయింది.

"రోలర్లు తీసేస్తం సార్. ఉతికేది ఉతకనియ్యుండ్రి, పిండేది మేం పిండుకుంటం. మిషన్ పోతే మేం మల్ల గుండిగ కాడికే పోవాలె."

ఆయన కిటికీలోంచి బట్టల గది వైపు చాలాసేపు చూశారు. "రోలర్లు తెచ్చి నా దగ్గర పెట్టు," అన్నారు.

మిషన్ పదేళ్లకు పైగా నడిచింది. వేడినీళ్లు గొట్టంలోంచి నేరుగా తొట్టిలో పడేలా పెద్దమ్మ ఏర్పాటు చేయించింది. నీళ్లు చల్లారేదాకా ఎవరినీ మూత తీయనిచ్చేది కాదు. ఆ పదేళ్లలో బట్టల గదిలో ఎవరి చెయ్యీ కాలలేదు. ఇప్పటికీ కొత్త రోగి వస్తే, జబ్బు సంగతి అడిగే ముందు నేను వాళ్ల రెండు చేతులూ తిప్పి చూస్తాను. ఆ అలవాటు ఆమె ఇచ్చిందే.

గురువారం పొద్దుటి నుంచి ఆమె కళ్లు మూసుకునే ఉంది. మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపటికి కళ్లు తెరిచి గదంతా వెతికింది.

"యాడున్నవ్ బిడ్డా?"

"ఈడనే ఉన్న పెద్దమ్మా. నీ చెయ్యి పట్టుకున్న."

ఆమెకు తెలియలేదు. మా రెండు చేతులనూ అలాగే కలిపి, ఆమె కళ్లకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. వాటినే చూస్తూ ఉండిపోయింది. నా భుజం లాగేస్తున్నా దించలేదు.