వార్నిష్ అత్త వాలుదీపం

వార్నిష్ అత్తకు కోపం ముక్కు మీద ఉంటుందని వీధిలో అనుకుంటారు. ఉత్తమాట. ముక్కు మీద ఉండేదైతే ఒక్క తుమ్ముతో పోయేది. ఆవిడ కోపం ఎముకల్లో ఉంది. అది అక్కడికి చేరడానికి కారణాలూ ఉన్నాయి.

పెళ్లై ఆ ఇంటికి వచ్చేనాటికి మొగుడు బల్లలకూ బీరువాలకూ మెరుగుపెట్టే మేస్త్రి. చేతిలో పని ఉంది, ఒంట్లో బద్ధకం అంతకంటే ఎక్కువ ఉంది. ఆఖరి పూత వేసేటప్పుడు పక్కన ఎవరో ఒకరు దీపం పట్టుకోవాలి. చెక్కకు దాదాపు ఆనుకున్నట్టు పట్టుకుంటే వెలుగు పక్కనుంచి జారుతుంది. అలా జారితేనే కుంచె తప్పిన చోటు నల్లగానూ, ముద్ద కట్టిన చోటు గట్టులాగానూ కనబడతాయి. దాన్ని వాలుదీపం అంటారు. "దీపం పట్టుకోడానికి తెలివెందుకు, ఇలా రా" అని మేస్త్రి పెళ్లాన్ని పిలిచాడు. ఏళ్ల తరబడి పట్టుకుంది. చెయ్యి పీకి వణికితే తిట్టాడు. ఆయన తిడుతూ వేశాడు, ఆవిడ తిట్లు తింటూ నేర్చుకుంది. ఆయన పోయాక కుంచె తను తీసుకుని, దీపం కోడలి చేతికిచ్చింది. కొడుకు లారీ తోలుతూ నెలకో మాటు ఇంటి ముఖం చూసే రకం, వాడి ఊసు ఇక్కడ అనవసరం. ఆవిడ మొదటి బల్ల చూసి ఒకాయన, "అచ్చం మేస్త్రి చేసినట్టే ఉందమ్మా" అన్నాడు. "మేస్త్రి ఎప్పుడు చేశాడు నాయనా ఇంత బాగా?" అని అడిగింది. ఆయన మళ్లీ పొగడలేదు.

పని చేసుకునే రేకుల షెడ్డు మాత్రం మరిది పేరున ఉంది, నెలనెలా ఆయనకు అద్దె ఇచ్చుకోవాలి. ఆయన మెత్తని మనిషి. గట్టివాళ్లతో దెబ్బలాడొచ్చు, మెత్తనివాళ్లతోనే చావు. "నీ చేతిలో పని ఉన్నన్నాళ్లు నువ్వే ఉండు వదినా" అన్నాడు. పని లేనినాడు ఏమవుతుందో ఆ మాట అడుగునే ఉంది.

ఆఖరి పూత సందెవేళే పడాలి. మధ్యాహ్నమైతే రేకులు కాగి, వార్నిష్ తీగ సాగి, కుంచె గీతలు మిగిలిపోతాయి. తెల్లవారి చెమ్మకు పాలు పోసినట్టు మసకబారుతుంది. అందుకని ఎండ దిగాక నేల మీద నీళ్లు చల్లి, దుమ్ము అణిగాక మొదలుపెట్టాలి. తలుపులు తెరిచే ఉంచాలి. మూస్తే ఘాటుకు కళ్లు మండడమే కాదు, పూత కూడా ఆరదు. ఇన్నేళ్లలో ఆవిడ పూతలో దుమ్ము రేణువు కూడా ఎవరూ చూపించలేదు. చూపించే ధైర్యం చెయ్యలేదని కోడలు అంటుంది గాని, నిజంగానే ఉండేది కాదు.

అలాంటి చోట, వెనక గోడకు అవతల, హోటలు వెలిసింది. దాని యజమాని షోకిలా. తోట మధ్య కొలను తవ్వించి, చుట్టూ బల్లలు వేయించి, తెల్లని దీపాలు గుచ్చాడు. నీళ్ల పక్కన కూర్చుని తింటే రుచి ఎక్కువట. అందానికి బాతుల్ని వదిలి, పళ్లేల్లో మిగిలిన ఎంగిలంతా వాటికి వేయించాడు. బాతులు ఏమయ్యాయో ఎవరికీ తెలీదు. ఎంగిలి మాత్రం కొలనులో పడుతూనే ఉంది.

ఆ నీళ్లలోంచి లేచాయి నుసి పురుగులు. సాయంత్రమయ్యేసరికి కొలను మీద పొగలా సుడి తిరిగేవి. కుట్టవు, కరవవు. కళ్లలో పడతాయి, మాట్లాడబోతే నోట్లో పడతాయి. పొద్దున చూస్తే గోడవారన చచ్చి కుప్పలు పడి ఉంటాయి, ఊడిస్తే చీపురుకు పచ్చగా అంటుకుంటాయి. బట్టల కొట్టాయన తెల్ల చీరలు బయట వేలాడదీయడం మానేశాడు. మంగలి సబ్బు నురగ మీంచి పురుగులు ఏరుకుంటూ గడ్డాలు గీశాడు. దోమతెర కడితే, అత్త షెడ్డులోకి ఆ కన్నాల్లోంచే చుట్టాల్లా నడిచొచ్చాయి.

ఇంతలో హోటలాయనే కబురు చేశాడు. పెద్దవాళ్ల విందుకని రెండు గుండ్రటి బల్లలు కావాలట, అద్దంలా మెరవాలట. అత్త వడ్రంగి దగ్గర బల్లలు తీసుకుని, వారాలు గరుకు కాగితంతో రుద్ది, మొదటిదానికి ఆఖరి పూత వేసింది. పూత తడిగా ఉండగానే ఆ నుసి వచ్చి వాలింది. సూదిమొనతో తీసేకొద్దీ ఇంకా వాలింది. తెల్లారేసరికి బల్ల నిండా నువ్వులు చల్లినట్టు పురుగులు, రెక్కలతో సహా, వార్నిష్ కింద పడుకుని ఉన్నాయి.

హోటలాయన వచ్చి, వేలితో తడిమి, వేలు రుమాలుకు తుడుచుకున్నాడు.

"ఏవమ్మా, బల్ల అడిగాను గాని పురుగుల పుట్ట అడగలేదే!"

"పురుగులు మీవే బాబూ. మీ కొలనులో పుట్టి, మీ తోటలో పెరిగి, మా ఇంటికొచ్చి చచ్చాయి."

"నా పురుగులని వాటి మీద పేరు రాసుందా?"

"మీ ఎంగిలి తిని బలిశాయి, పేరెందుకు? పోలికలు చాలు."

ఆయన ముఖం గంటుపెట్టుకుని, "రెండోదీ ఇలాగే ఉంటే రెండూ నాకొద్దు" అని వెళ్లిపోయాడు.

ఆ మాట మరిది చెవిన పడ్డానికి ఎంతోసేపు పట్టలేదు. తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నీకూ వయసైపోతోంది వదినా. ఈ ఘాటు, ఈ శ్రమ ఎందుకు చెప్పు? రెండో బల్ల కూడా తిప్పి పంపితే ఇక విశ్రాంతి తీసుకుందువుగాని. షెడ్డు ఎవరో టైర్లు పెట్టుకోడానికి అడుగుతున్నారు."

"అడిగారా, నువ్వే అడిగించావా మరిదీ?"

"అయ్యో, అదేం మాట!"

"నీ మొహం చూస్తే టైరు గాలి తీసినట్టుంది, అందుకడిగాలే."

ఆయన వెళ్లాక గరుకు కాగితం అరచేతిలో నలిపి పారేసింది. ముప్పూటలా తిట్టుకుంటూనైనా ఆ షెడ్డులోనే బతికింది. నేల మీద వార్నిష్ మరకలు చూసి ఏది ఏ బీరువాదో చెప్పగలదు. దాంట్లో టైర్లా!

గోరుచుట్టు మీద రోకటిపోటులా పొగమందు మనిషి దిగాడు. హోటలాయన పెట్టుకున్నవాడే. సాయంత్రమయ్యేసరికి మిషన్ భుజాన వేసుకుని, బుర్రుమంటూ కొలను చుట్టూ తెల్లని పొగ వదిలేవాడు. గాలి ఆ పొగను గోడ దాటించి షెడ్డులోకి తెచ్చేది. పొగలో నూనె ఉంటుంది. ఆ నూనె తుంపర చెక్క మీద వాలితే వార్నిష్ అక్కడ పట్టదు, మశూచి మచ్చల్లా గుంటలు పడతాయి. రెండో బల్లకు వేసిన అడుగు పూత అలాగే పాడైంది. అత్త దాన్ని మొత్తం గీకేసి, గోడ పక్కన పీట ఎక్కి నిలబడింది.

"ఒరేయ్ పొగాయనా! పొమ్మనలేక పొగబెట్టడం విన్నాను గాని, మిషన్ పెట్టి పొగబెట్టడం నీ దగ్గరే చూశాను!"

"నన్నంటావేం పెద్దమ్మా? చెప్పిన చోట కొడుతున్నా."

"రోజూ కొడుతున్నావు, రోజూ పుడుతున్నాయి. నీ పొగ మందా, ఎరువా?"

వాడు నవ్వాడు. "ఎగిరేవి నా వంతు పెద్దమ్మా. పుట్టేవి నా వంతు కాదు. అవి అడుగున బురదలో పుడతాయి, అక్కడికి పొగ పోదు. బురద తీయించమని నేనే చెప్తే రేపు నన్నెవరు పిలుస్తారు?"

"సిగ్గు లేదురా?"

"ఉంది పెద్దమ్మా. ఇంట్లో పెట్టొచ్చాను."

అత్త పీట దిగింది. కోడలు ఆ మాటలు విని, కొలను నీళ్లు పొర్లి వీధిలోకి వచ్చే కాలువ దగ్గరికి వెళ్లి, ఒక రేకు పళ్లెంలో బురద ఎత్తి తెచ్చింది. నీళ్లు పోసి కడిగితే ఎర్రటి దారప్పోగుల్లాంటి పురుగులు మెలికలు తిరిగాయి. ఆ పిల్ల వాటిని చూసి ఊరుకోక, ఇంకో మాట కూడా అంది.

"అత్తయ్యా, కోప్పడకండి. తిండి టైముకి హోటలాయన కొలను దగ్గర దీపాలన్నీ ఆర్పేస్తున్నాడు, పురుగులు జనం మీద పడకుండా. ఇక ఈ చుట్టుపక్కల తెల్లగా వెలిగేది మన వాలుదీపం ఒక్కటే. వాటిని బల్ల మీదకి పిలుస్తున్నది మనమే."

"మనమా! దీపం లేకుండా పూత వేస్తారా ఎవరైనా? మీ పుట్టింట్లో వేశారా?"

"మా పుట్టింట్లో అన్నం వండుతారండీ, వార్నిష్ వెయ్యరు."

అత్తకు ఒళ్లు మండిపోయింది. దీపం తప్పంటే తన పాతికేళ్ల చెయ్యినొప్పి తప్పన్నట్టే. కోడల్ని ఆ పూట పలకరించలేదు. పలకరించకపోయినా చూడ్డం మానలేదు. సందెవేళ హోటలు దీపాలు ఆరడం, సుడి తిరుగుతున్న ఆ నుసి మబ్బు ఒక్కసారి ఇటు తిరగడం, గోడ దాటి తిన్నగా వాలుదీపం మీదకి రావడం తన కళ్లతో తనే చూసింది. కోడలి మాట నిజమైనందుకు ఇంకొంచెం మండింది.

పొగ లేని వేళ చూసి మళ్లీ వేసిన అడుగు పూత ఆరేసరికి విందు ముందురోజు వచ్చింది. ఆ సాయంత్రం పూత పడకపోతే ఇక పడదు. పొగాయన కొట్టి వెళ్లి, ఆ తుంపర అణిగేదాకా ఆగి నేల తడిపారు. బల్ల తుడిచారు. కోడలు అలవాటుగా దీపం అందుకుంది.

"అక్కడ కాదు" అంది అత్త. "తీసుకెళ్లి గోడ మీద కట్టు. ముఖం హోటలు వైపు తిప్పు."

"మరి పూతో?"

"పూత నాది. నీకెందుకు?"

గోడ మీద వాలుదీపం భగ్గుమని వెలిగింది. అవతల హోటలాయన తన దీపాలు ఆర్పుకున్నాడు. షెడ్డులో తలుపు మేర మిగిలిన సందె వెలుగు తప్ప ఏమీ లేదు. అత్త కుంచె ముంచింది. మొదటి వరస అంచనా మీదే వేసింది. కోడలు, "ఎలా కనబడుతోంది అత్తయ్యా?" అంది.

"నోరు మూసుకోవే, వినబడాలి!"

తడి ఉన్న చోట కుంచె మెత్తగా జారుతుంది. పొడి చెక్క తగిలితే గరుమంటుంది. ముద్ద కట్టిన చోట చప్పగా అంటుకుని లాగుతుంది. అన్నేళ్లు దీపం పట్టుకుని మొగుడి తిట్లే విన్నాననుకుంది గాని, తిట్ల వెనక కుంచె చప్పుడు కూడా విన్నానని ఆ చీకట్లో తెలిసింది. గరుమన్న చోట వెనక్కి వెళ్లింది. లాగిన చోట కొసతో తేల్చింది. అంచు చుట్టూ ఊపిరి బిగబట్టి తిరిగొచ్చింది.

అవతల కుర్చీలు జరిగిన చప్పుడు. ఎవరో ఉమ్మారు. ఒక పెద్దావిడ, "ఛీ ఛీ, చారులో పడ్డాయి!" అని అరిచింది. కాసేపటికి హోటలాయన తలుపులో ఊడిపడ్డాడు, జుట్టు నిండా నుసితో.

"ఆ దీపం తీస్తావా లేదా?"

"గోడ నా వైపుది, దీపం నాది. వెలుగు ఎటు పోతుందో నేనేమన్నా తాడు కట్టానా? అక్కడే ఆగు, దుమ్ము లేపావంటే కుంచెతో నీ మీసాలకి పూత వేస్తా."

ఆయన ఆగాడు. ఇన్నాళ్లూ మీరు అన్న మనిషి నువ్వు అనేసరికి చెయ్యి మీసాల మీదకి పోయింది. అత్త కోడలితో, "లాంతరు తే, దూరం నుంచి చూపించు" అంది. పసుపు వెలుగు బల్ల మీద పడింది. ఒక్క గీత లేదు, ఒక్క గుంట లేదు. హోటలాయన ముఖం దాంట్లో చెక్కు చెదరకుండా కనబడింది, జుట్టులో పురుగులతో సహా.

"చూశావా? నీ పురుగులు నీ ఇంట్లో ఉంటే నా పని ఇలా ఉంటుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే నువ్వే."

"పొగ రెండు పూటలా కొట్టిస్తాను" అన్నాడు, గొంతు తగ్గించి.

కోడలు రేకు పళ్లెం తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది. ఎర్రటివి మెలికలు తిరుగుతున్నాయి.

"ఇవేంటి?"

"మీ బాతులకి వేసిన భోజనం" అంది అత్త. "కొలను తోడించు. బురద తీయించు. ఎంగిలి ఇంకోచోట పారెయ్యి. పురుగులు మూగే ఆ తెల్ల దీపాలు పీకి, అంతగా మూగని పసుపువి పెట్టు, తలలు కిందకి వంచు. అవన్నీ అయ్యేదాకా నా దీపం గోడ మీదే కాపురముంటుంది."

మర్నాడు ఆయన అన్నిటికీ సరేనని బల్ల తీసుకెళ్లాడు. బురద తీయించడానికి మాత్రం ఇంకా చాలాసార్లు వాలుదీపం గోడెక్కాల్సి వచ్చింది. పెద్దమనుషుల మాట నిలబెట్టడానికి అంత వెలుగు కావాలి మరి. కొలను అడుగునుంచి తీసిన బురద కంపుకు వీధంతా ముక్కు మూసుకుంది. బాతు ఎముకలు కూడా వచ్చాయని మంగలి చెప్పాడు. నుసి ఒక్కరోజులో పోలేదు, పల్చబడింది. పొగాయన వేరే వీధి వెతుక్కున్నాడు.

మరిది వచ్చి, "నేను ముందే అనుకున్నాను వదినా, నీ చెయ్యి గురించి నాకు తెలీదా" అన్నాడు.

"టైర్లు ఎక్కడ పెట్టారు మరిదీ?"

ఆయన దగ్గాడు. షెడ్డు ఖాళీ చెయ్యమనే మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆఖరి పూతకు అత్త వాలుదీపం వాడుతుంది, పసుపు బల్బు పెట్టి. కోడలే పట్టుకుంటుంది, చెయ్యి వణికితే అత్త తిట్టదు, కుర్చీ తెచ్చుకోమంటుంది. పురుగులు పట్టిన మొదటి బల్లను మాత్రం గీకనివ్వలేదు. కోడలు ఎన్నిసార్లు గరుకు కాగితం తీసినా వద్దంది. దాన్ని షెడ్డు తలుపు దగ్గర వేసింది. కొత్త పనులు మాట్లాడ్డానికి హోటలాయన వచ్చినా, అద్దె పెంచుదామా అని మరిది వచ్చినా, టీ గ్లాసు ఆ బల్ల మీదే పెడుతుంది. వాళ్లు టీ తాగుతున్నంతసేపూ వార్నిష్ కింద ఆ రెక్కలు వాళ్లకి కనబడుతూనే ఉంటాయి.