రాని రోజులకు పెట్టిన సంతకాలు

తొట్టి బాబాయ్‌కి కోపం వస్తే అద్దాల తొట్లలో చేపలన్నీ తోకలు ముడుచుకుని అడుగుకు దిగేవని కాలేజీలో చెప్పుకునేవాళ్లు. ఒకసారి ఆయన వేసిన కేకకు మీసాల చేప ఒకటి అక్కడికక్కడే మీసం దించేసిందని కూడా అంటారు. అందులో కోత ఎంతో గానీ, ఆ కోపం మాత్రం అచ్చంగా నిజం.

ఇరవై ఆరేళ్లుగా ఆయన జీవశాస్త్ర విభాగం కింది అంతస్తులో చేపల గది చూసుకుంటున్నాడు. నలభై తొట్లు, గాలి పంపుల గుడగుడ, ఎంత తుడిచినా ఆరని నేల. చదువు పదో తరగతితో ఆగిపోయింది. అయినా చేప పొట్ట మీద బొటనవేలు ఆనించి, ఇది ఎల్లుండి గుడ్లు పెడుతుందంటే ఎల్లుండే పెట్టేది. "ఆ చేపలకి నీళ్లు రోజూ మారుస్తారు. మనింటి కుళాయి వాషర్ మార్చడానికి మాత్రం రెండేళ్లుగా తీరిక లేదు" అని భార్య దెప్పేది.

ఏటా వేసవిలో ఒక ట్రస్టు వాళ్లు డిగ్రీ చదివే ఇద్దరికి రెండు నెలలు స్టైపెండ్ ఇచ్చి, ఆ గదిలో పరిశోధన నేర్చుకోమనేవాళ్లు. చేపలు గుడ్లు పెట్టే కాలం అదే. ట్రేలో చచ్చిన గుడ్డు తెల్లబడుతుంది. దాన్ని వెంటనే డ్రాపర్‌తో ఏరేయకపోతే బూజు పట్టి పక్కవాటిని కూడా తినేస్తుంది. అరగంటకోసారి నడుం వంచి చూడాలి. చేపల శాస్త్రం ఆ వంగడంతోనే మొదలవుతుందని బాబాయ్ నమ్మకం.

కిందటి వేసవిలో వచ్చిన కుర్రాళ్లిద్దరూ మొదటి రోజు తెల్లకోట్లతో ఫొటోలు దిగారు. ఆ తర్వాత వాళ్ల జాడ లేదు, ఫోన్లే వచ్చేవి. "బాబాయ్, ఇవాళ్టికి కూడా సంతకం పెట్టేయవా, నీకు పుణ్యముంటుంది." పోనీలే పిల్లలు, స్టైపెండ్ పోతుంది పాపం అనుకుని, హాజరు పుస్తకంలో వాళ్ల పేర్ల పక్కన, వచ్చారని రోజూ తన సంతకం పెట్టాడు. నాలుగు ట్రేలు ఒక్కడే చూసుకోలేకపోయాడు. మూడింటిలో గుడ్లు బూజు పట్టి దూది ఉండల్లా అయిపోతే, బకెట్లో పోసి పారబోశాడు. ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడాది జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. మళ్లీ ఆ ఇద్దరే.

బోర్డు ముందు బజార్లో చేపలమ్మే ఒకావిడ కూతురు నిలబడి ఉంది. రెండో సంవత్సరం చదువుతోంది. ఏడాదిగా క్లాసులు అయ్యాక వచ్చి తొట్లు కడుగుతోంది. దరఖాస్తు పెట్టమని పోరింది బాబాయే. స్టైపెండ్ వస్తే తల్లి ఆ డబ్బుతో కొట్లో ఇంకో మనిషిని పెట్టుకుంటుంది. రాకపోతే ఈ పిల్ల వేసవంతా కత్తిపీట ముందే.

"నీకెందుకు రాలేదట?"

"అనుభవం లేదన్నారు బాబాయ్. వాళ్లకి పోయినేడు చేసిన సర్టిఫికెట్లున్నాయట."

"ఎనిమిదేళ్ల నుంచి చేపలు కోస్తున్నావు కదే! అది అనుభవం కాదా?"

"దరఖాస్తులో ఆ గడిలో అమ్మ కొట్టు అనే రాశాను. ఆఫీసు గుమాస్తా పడీపడీ నవ్వాడు."

బాబాయ్ మూడు అంతస్తులూ ఒక్క ఊపిరిలో ఎక్కి, జాబితా వేసిన ప్రొఫెసర్ గది తలుపు తోశాడు.

"గుడ్లు చంపినవాళ్లకి అనుభవమా సార్?"

"ఎవరు చంపారయ్యా? రెండు నెలల్లో ఒక్కరోజు మానలేదు వాళ్లు. ఇదిగో, నువ్వే చూసుకో."

ప్రొఫెసర్ హాజరు పుస్తకం ఆయన వైపు తిప్పాడు. గడిగడికీ బాబాయ్ సంతకమే, గుండ్రంగా, ముచ్చటగా. ఆయన పుస్తకం మూసేసి వెనుదిరిగాడు. మెట్లు దిగుతూ మొదట కుర్రాళ్లను తిట్టాడు, తర్వాత ప్రొఫెసర్ని, ఆ తర్వాత గుమాస్తాని. చివరి మెట్టుకు వచ్చేసరికి తిట్టడానికి తానొక్కడే మిగిలాడు.

ఇంటికొచ్చి కాగితం తీశాడు.

"నేను పెట్టినవి దొంగ సంతకాలని రాసిస్తున్నా."

"ఉద్యోగం ఊడితే?" అంది భార్య.

"ఊడనీ!"

"ఊడితే పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని నామీద అరుస్తారు. చేపలకి అలవాటు, నాకు కాదు." కళ్లజోడు తెచ్చి చేతికిచ్చింది. "తప్పుల్లేకుండా రాయండి. చదివేవాళ్లు నవ్వకూడదు."

మూడే ముక్కలు రాశాడు. వాళ్లు రాలేదు. వచ్చారని నేను సంతకం పెట్టాను. గుడ్లు చచ్చాయి. ఒక ప్రతి ప్రొఫెసర్‌కి ఇచ్చి, ఇంకోటి ట్రస్టుకు పంపాడు.

"నా పరువు గంగలో కలిపావు కదయ్యా!" అని ప్రొఫెసర్ చిందులు తొక్కాడు. ట్రస్టు వాళ్లు కుర్రాళ్ల పేర్లు కొట్టేయించారు. ఖాళీ అయినవాటిలో ఒకటి ఆ పిల్లకు వచ్చింది. బాబాయ్‌కి మెమో వచ్చింది. ఆ ఏడు ఇంక్రిమెంటు లేదు, హాజరు పుస్తకం ఇక పై అంతస్తులో ఉంటుంది, పదిన్నరకల్లా విద్యార్థులే అక్కడికి వెళ్లి సంతకం చేయాలి.

మొదటి రోజే రెండు చేపలు గుడ్లు పెట్టాయి. పిల్ల తొమ్మిదింటి నుంచి ట్రే మీద వంగి ఉంది. పదకొండుకి గుమాస్తా దిగాడు.

"పైకి రాలేదేం? ఆబ్సెంట్ వేసేశాను."

"ట్రే వదిలేసి ఎలా వస్తానండీ? తెల్లవి లేస్తున్నాయి."

"అదంతా నాకు తెలీదమ్మా. పుస్తకంలో లేకపోతే రానట్టే."

బాబాయ్ చేతిలో బకెట్ దించి ఇటు తిరిగాడు. రానివాళ్లను వచ్చారని రాస్తే అది తన తప్పు, ఒప్పుకున్నాడు. కళ్లెదుట ఉన్న మనిషిని రాలేదని రాస్తే అది ఎవరి తప్పు? స్టూలు లాగి గుమాస్తాను భుజం పట్టి కూర్చోబెట్టాడు. చేతిలో డ్రాపర్ పెట్టాడు.

"పిల్ల పైకెళ్లి సంతకం పెట్టొస్తుంది. అందాకా తెల్లవి నువ్వు ఏరు. ఒక్కటి బూజు పట్టిందా, ఈసారి మెమో నీకే."

గుమాస్తా ట్రేలోకి చూశాడు. మూడు వేల గుడ్లు ఆయన వంకే చూశాయి.

"పుస్తకమే కిందికి తెస్తాలేవయ్యా," అన్నాడు లేవబోతూ.

"నడవకు," అన్నాడు బాబాయ్. "పరిగెత్తు."