రోహిణి కింద దొంగ చుక్క

ఆకాశాన్ని శుభ్రం చేసే ఉద్యోగం లోకంలో ఎంతమందికి ఉంటుందో తెలియదు గానీ, ఆవిడకి మాత్రం ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. ఊళ్ళో తారామండలం ఉంది. గుండ్రటి పైకప్పు కింద మూడు వందల కుర్చీలు, వాటి నడుమ ఒక నల్లటి యంత్రం, ఆ యంత్రం నెత్తిన పెద్ద గుండు. గుండు చుట్టూ పల్చటి రాగి రేకులు, రేకుల నిండా సూదిమొన కంటే సన్నటి చిల్లులు. లోపల దీపం వెలిగితే ఒక్కో చిల్లూ కప్పు మీద ఒక్కో చుక్క అవుతుంది. చిల్లులో దుమ్ము పడితే ఆ చుక్క ఆరిపోతుంది. అందుకని ఆటలు లేని సోమవారం నాడు ఆవిడ నిచ్చెన ఎక్కి, కంటికి భూతద్దం కట్టుకుని, వారానికి ఒక రేకు చొప్పున సన్నటి తీగతో దుమ్ము తీస్తుంది. మిగతా ఆరు రోజులూ చీకట్లో మైకు ముందు కూర్చుని, టార్చిలోంచి వచ్చే వెలుగు బాణాన్ని కప్పు మీద తిప్పుతూ జనానికి చుక్కల సంగతులు చెబుతుంది. ఆ బాణం మూలాన ఆవిడ పేరు అందరూ మరిచిపోయి బాణం అక్క అంటారు. అయిదడుగులకి రెండంగుళాలు తక్కువ మనిషి, కుర్చీలో రెండు దిళ్ళు వేసుకుంటే గానీ మైకు అందదు. అందిందా, ఇంక ఆపడం ఎవరి తరమూ కాదు.

ఇరవై రెండేళ్ళ వయసులో గుమ్మం దగ్గర టికెట్లు చింపడానికి చేరింది. రెండేళ్ళకి చిల్లుల పని అప్పజెప్పారు. అప్పట్లో మైకు ముందు ఒక మాస్టారు కూర్చునేవారు. టికెట్లు చింపడం అయ్యాక ఆవిడ వెనక వరసలో నిలబడి, ఆయన చెప్పినదంతా రోజుకి మూడుసార్లు చొప్పున పన్నెండేళ్ళు విన్నది. ఒకరోజు మాస్టారి గొంతు పూర్తిగా పోయింది. బయట రెండు బడుల పిల్లలు బారులు తీరి ఉన్నారు. ఆయన మైకు ఆవిడ చేతిలో పెట్టి, కాగితం మీద రెండు ముక్కలు రాసిచ్చారు: "తెలియనిది తెలియదని చెప్పు. చీకట్లో కూర్చున్నవాళ్ళు మనల్ని నమ్మి కూర్చున్నారు." ఆ కాగితం ఇప్పటికీ ఆవిడ పర్సులో నాలుగు మడతలుగా ఉంది. ఆవేళ మైకు పట్టుకున్న మనిషి పద్దెనిమిదేళ్ళుగా వదల్లేదు.

అంత నిక్కచ్చి మనిషికీ ఒక గుట్టు ఉంది. చిల్లుల పనిలో కొత్తగా చేరిన రోజుల్లో, రోహిణి నక్షత్రానికి కాస్త దిగువన ఒక నల్లటి మచ్చ కనబడింది. మూసుకుపోయిన చిల్లు అనుకుని తీగతో పొడిచింది. అది చిల్లు కాదు, ఉత్త మడ్డి. తీగ రాగి రేకులోకి కసుక్కున దిగబడింది. సాయంత్రం ఆటలో దీపం వేయగానే ఆకాశంలో లేని చుక్క ఒకటి రోహిణి కింద నిక్షేపంగా వెలిగింది. ఆవిడ పరుగున వెళ్ళి యంత్రం చూసుకునే మెకానిక్కు బాబాయికి చెప్పుకుంది.

"రంగు పూస్తే పక్కనున్న అసలు చుక్కలు కూడా మూసుకుపోతాయే పిల్లా," అన్నాడాయన. "నాలుగు వేలలో ఒకటి. ఎవడు లెక్కపెడతాడు? ఊరుకో."

ఊరుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊరుకుంటూనే ఉంది. కానీ వెలుగు బాణాన్ని ఒక్కనాడూ ఆ చుక్క మీదికి పోనివ్వలేదు. కృత్తికలు చూపించి, రోహిణి చూపించి, అక్కడినుంచి ఎగిరి ఆర్ద్ర మీద వాలేది. తను చేసిన అబద్ధం ఒకటి నెత్తిన రోజూ వెలుగుతుంటే మనిషి రెండో అబద్ధం జోలికి పోదు. కొందరు పోతారనుకోండి, ఈవిడ పోలేదు.

ఇలా ఉండగా కొత్త డైరెక్టరు వచ్చాడు. చెడ్డవాడని చెప్పను. బూజు పట్టిన కర్టెన్లు మార్పించాడు, విరిగిన కుర్చీలు బాగుచేయించాడు. కానీ ఏ మూలన ఏ మనిషి మాట్లాడుతున్నా ఆయనకి అది పాతకాలపు పద్ధతిలా కనిపించేది. తేనె పూసిన గొంతున్న ఒకాయన చేత 'విశ్వం గురించి వంద వింతలు' అని రికార్డు చేయించి తెచ్చాడు. ఇకమీదట ఆటకి అదే వ్యాఖ్యానం. బాణం అక్క పని మీట నొక్కడం.

మొదటిసారి ఆవిడకీ బాబాయికీ వినిపించారు. ఎక్కువ భాగం బాగానే ఉంది. న్యూట్రాన్ నక్షత్రంలోంచి చెంచాడు పదార్థం తీస్తే వంద కోట్ల టన్నుల పైన తూగుతుందన్నాడు, నిజమే. ఆ తర్వాత కృష్ణబిలం విశ్వంలో ఉన్నదంతా పీల్చేసే రాక్షసి అన్నాడు. బాబాయి ఆవిడ వంక చూశాడు. ఆవిడ పెదవి బిగించింది. చివర్లో ఆ తేనె గొంతు ఇంకాస్త బరువెక్కి, "మీరిప్పుడు చూస్తున్న ఈ తారలన్నీ ఎప్పుడో మరణించాయి. మీరు చూస్తున్నది శవాల వెలుగు," అంది. ఆవిడ మీట కట్టేసింది.

"ఏమైంది?" అన్నాడు డైరెక్టరు.

"అబద్ధం సార్. కంటికి కనిపించే చుక్కల్లో ఎక్కువ భాగం వందల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్నాయి. మహా దూరమైతే కొన్ని వేలు. చుక్క బతికేదేమో లక్షలు, కోట్ల ఏళ్ళు. ఒకటీ అరా పోయుంటే పోయుండొచ్చు, నేను కాదనను. అన్నీ పోయాయంటే ఎలా?"

"వినడానికి ఎంత గొప్పగా ఉంది చూడండి. జనం నోరు తెరుచుకుని వింటారు."

"నోరు తెరిస్తే ఈగ దూరుతుంది సార్. నిజం చెవిలోంచే పోవాలి. ఆ కృష్ణబిలం సంగతీ అంతే. సూర్యుడి చోట సూర్యుడంత బరువున్న కృష్ణబిలాన్ని పెట్టినా భూమి ఇప్పటిలాగే చుట్టూ తిరుగుతుంది. చలికి మనం చస్తాం గానీ, అది మనల్ని మింగదు."

డైరెక్టరు నవ్వలేదు. "శుక్రవారం తారామండలం బోర్డువాళ్ళు తనిఖీకి వస్తున్నారు. ఆ రోజు రికార్డే నడుస్తుంది. మీరు మీట నొక్కుతారు, అంతే. నొక్కనంటారా, మళ్ళీ గుమ్మం దగ్గర టికెట్లు చింపుకుంటారు." లేచి వెళ్ళబోతూ ఆగాడు. "నిజం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా. రోహిణి కింద చుక్క సంగతి ఏమిటి? బోర్డువాళ్ళకి నేను చెప్పమంటారా?"

బాబాయి తల దించుకున్నాడు. టీ తాగుతూ ఎప్పుడో నోరు జారాడు. పాత యంత్రం గొప్పలు చెప్పబోయి గుట్టు కాస్తా బయటపెట్టాడు. ఆవిడకి ఆయన మీద కోపం రాలేదు. మైకు పోతుందన్న భయం కంటే, తన తప్పు ఇంకొకడి జేబులో ఉందన్న మంట ఎక్కువైంది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని దిండు గలీబు కుడుతోంది. ఎనభై దాటిన మనిషి. కోడలి ముఖం చూసి సంగతంతా రాబట్టింది.

"అదేమిటే, చుక్కలన్నీ చచ్చిపోయాయా? వాడికెవడు కబురు చెప్పాడు?"

"వెలుగు ఇక్కడికి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది కదా అత్తయ్యా, ఈలోగా చచ్చిపోయాయని వాళ్ళ లెక్క."

"బాగానే ఉంది. ఉత్తరం నాలుగు రోజులు ఆలస్యంగా వస్తే రాసినవాడు పోయినట్టా?" దారం కొరికి తెంపింది. "నా పెన్షను ఆఫీసువాడూ ఇంతే. ఏటేటా వెళ్ళి ఎదురుగా నిలబడితే, మీరు బతికే ఉన్నారని కాగితం తెమ్మంటాడు. నేను కనబడుతున్నాను కదరా అంటే, కనబడితే చాలదంటాడు. పాపం ఆ చుక్కలకి కాగితం ఎవరిస్తారు? నువ్వే ఇవ్వాలి."

"ఇద్దామంటే నా చుక్క సంగతి బయటపడుతుంది అత్తయ్యా."

"పడనీ. ఒకటి నీదని ఒప్పుకుంటే మిగతా వాటికి సాక్ష్యం చెప్పే హక్కొస్తుంది. దాచుకున్నన్నాళ్ళూ వాడి ముందు నువ్వు దొంగవే." ఇంక ఆ మాట ఎత్తకుండా సూదిలోకి దారం ఎక్కించమని చేతికిచ్చింది.

శుక్రవారం బోర్డువాళ్ళు నలుగురు ముందు వరసలో కూర్చున్నారు. వెనక రెండు వందల పైచిలుకు జనం. డైరెక్టరు గోడ వారగా నిలబడ్డాడు. బాణం అక్క రెండు దిళ్ళ మీద కూర్చుని బుద్ధిగా మీట నొక్కింది. తేనె గొంతు వింతలన్నీ ఒకటొకటే చెప్పుకుపోయింది. చెంచాడు నక్షత్రానికి జనం ఆహా అన్నారు. "మీరిప్పుడు చూస్తున్న ఈ తారలన్నీ" అనేదాకా ఊరుకుని, అక్కడ ఆవిడ రికార్డు కట్టేసి మైకు తెరిచింది.

"క్షమించాలి. ఈ తర్వాతి ముక్క అబద్ధం, అందుకని ఆపాను. ఈ చుక్కలు చచ్చిపోలేదు. ఇదిగో, ఇది ఆర్ద్ర. దీన్నుంచి బయల్దేరిన వెలుగు మన దగ్గరికి రావడానికి ఐదారు వందల ఏళ్ళు పడుతుంది. ముసలిది, ఎప్పటికైనా పేలిపోయేదే. కానీ అది ఇంకో లక్ష ఏళ్ళు ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. ముసలివాళ్ళని ముందే పాడె ఎక్కించకండి."

జనంలో నవ్వు పుట్టింది. గోడ వారనుంచి డైరెక్టరు గబగబా రావడం ఆవిడకి అడుగుల చప్పుడులో తెలిసింది. అయినా ఆపలేదు.

"ఇంకొక మాట. ఈ ఆకాశంలో ఒక చుక్క మాత్రం నిజంగా అబద్ధం. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట పొరపాటున నేను పొడిచిన చిల్లు అది. ఇన్నాళ్ళూ సిగ్గుపడి దాచాను. ఇవాళ చెబుతున్నాను."

"ఏది మీ చుక్క?" ముందు వరసలోంచి బోర్డులో ఒకావిడ అడిగింది. డైరెక్టరు ఉన్నచోటే ఆగిపోయాడు.

బాణం అక్క టార్చి ఎత్తింది. వెలుగు బాణం కృత్తికల మీదుగా రోహిణికి వచ్చి, ఎప్పుడూ ఎగిరిపోయే చోట ఈసారి ఆగి, కొంచెం కిందికి దిగింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. చీకటి కాబట్టి ఎవరికీ కనబడలేదు, కనబడినా ఆవిడ లెక్కచేసే స్థితిలో లేదు.

"ఇది. ఇదొక్కటే. మిగతావన్నీ నికార్సైనవి, బతికున్నవి."

కథలైతే ఇక్కడ బోర్డువాళ్ళు లేచి చప్పట్లు కొట్టాలి. కొట్టలేదు. టీ తాగి, కర్టెన్లు బాగున్నాయని రాసి వెళ్ళిపోయారు. డైరెక్టరు బెదిరించడానికి ఇంకేమీ మిగల్లేదు గానీ, మాట విననందుకు ఆవిణ్ణి అన్నంత పనీ చేసి గుమ్మం దగ్గరికి పంపాడు. యాభై రెండేళ్ళ వయసులో, చేరిననాటి స్టూలు మీదే కూర్చుంది. మైకు ముందు ఎవరూ లేరు. బాబాయి మీట నొక్కుతాడు, తేనె గొంతు మాట్లాడుతుంది.

మొదటి రోజు మొదటి టికెట్టు చింపుతూ ఆవిడ ఆ మనిషితో మామూలుగా అంది: "లోపల ఒకాయన చివర్లో చుక్కలన్నీ చచ్చిపోయాయంటాడు. నమ్మకండి. రోహిణి కింద ఉన్నదొక్కటే అబద్ధం, అది నేను చేసింది. మిగతావన్నీ బతికే ఉన్నాయి." రెండో టికెట్టుకీ అదే చెప్పింది. ఆటకి మూడు వందల మంది, రోజుకి మూడు ఆటలు. ఒక్కరికీ తగ్గించలేదు.

నాలుగో రోజు డైరెక్టరు గుమ్మం దగ్గరికి వచ్చాడు. "మీ పని టికెట్లు చింపడం."

"చింపుతూనే ఉన్నాను కదా సార్," అంది చేతిలో ముక్క చూపించి. "కావాలంటే లెక్క చూసుకోండి."

ఆయన ఏదో అనబోయాడు. అప్పటికి లోపల ఆట చివరికొచ్చింది. మూసిన తలుపు వెనకనుంచి తేనె గొంతు బరువుగా, "ఈ తారలన్నీ ఎప్పుడో మరణించాయి," అంటూ వినిపించింది. మరుక్షణం లోపల చీకట్లోంచి పిల్లలూ పెద్దలూ కలిసి ఒక్క గొంతుతో జవాబు చెప్పారు.

"బతికే ఉన్నాయి."

ఆవిడ డైరెక్టరు వంక చూడలేదు. తరవాతి ఆటకి వరసలో ముందున్న ముసలాయన దగ్గర టికెట్టు అందుకుని చింపి, "లోపల ఒకాయన చివర్లో..." అని మొదలుపెట్టింది.