ఖాళీ గిన్నె ఇవ్వకూడదు

మొన్న శనివారం, మా క్యారీ ఊళ్ళో రెండిళ్ళ అవతల కొత్తగా దిగిన తెలుగమ్మాయి పులిహోర తెచ్చి ఇచ్చింది. ప్లాస్టిక్ డబ్బాలో, పైన పేపర్ నాప్కిన్ కప్పి. ఇంగువ ఘాటు ఆ అమ్మాయి కంటే ముందే ఇంట్లోకి వచ్చేసింది. కూర్చోమంటే, కార్ స్టార్ట్ చేసి వచ్చానంది. మెట్లు దిగుతూ, “డబ్బా రిటర్న్ చెయ్యక్కర్లేదు ఆంటీ, తిన్నాక ట్రాష్ చేసెయ్యండి” అంది. ఎంత సుఖమైన మాట! నేను మాత్రం ఆ డబ్బాని కడిగి, తుడిచి, దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఈ మాట యాభై ఏళ్ళ కిందట మా అమ్మకి ఎవరైనా చెప్పి ఉంటే నా చిన్నతనం ఇంకోలా ఉండేది. పోనీ, కనీసం అందులో ఒక ఏడాదైనా.

నాకు ఆరేళ్ళప్పుడు అమ్మా నేనూ తెనాలి నుంచి షికాగో పక్కన ఒక సబర్బ్‌కి వచ్చాం. నాన్నగారు అంతకు రెండేళ్ళ ముందే వచ్చి ఇంజనీరుగా కుదురుకుని, మా కోసం ఒక ఇల్లు చూసి పెట్టారు. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిల కోసం ఒక్క ఊపులో కట్టేసిన వీధి అది. అన్నీ ఒకే ఇల్లు. అవే మూడు మెట్లు, అదే కిటికీ, ముందు అదే చారెడు గడ్డి. కొత్తలో ఒక సాయంత్రం నాన్నగారు వేరే వాళ్ళ వాకిట్లో కారు ఆపి, తాళంచెవి పట్టక తలుపుతో కుస్తీ పడుతుంటే, ఆ ఇంటాయన లోపల్నుంచి తీసి “ఇంకో మూడిళ్ళు ముందుకి” అని చెప్పి పంపించాట్ట. మధ్యాహ్నం పూట ఆ వీధిలో మనిషి అలికిడి ఉండేది కాదు. గడ్డికి నీళ్ళు చిమ్మే గొట్టం ఒకటి టిక్కు టిక్కుమని తనలో తను తిరుగుతూ ఉండేది. నాకు తోబుట్టువులు లేరు. బడి తెరవడానికి ఇంకా రెండున్నర నెలలుంది. కిటికీ దగ్గర స్టూలు వేసుకుని పోయే కార్ల రంగులు చూస్తూ కూర్చునేదాన్ని. ఒంటరితనం అన్న మాట అప్పటికి నాకు తెలియదు. కడుపులో ఆకలి లాంటిదేదో ఉండేది, అన్నం తిన్నా పోయేది కాదు.

మేం దిగిన మూడో రోజున ఎడమ పక్కింటావిడ మమ్మల్ని పలకరించడానికి వచ్చింది. చేతిలో మూత ఉన్న తెల్ల గాజు గిన్నె, దాని పక్కల నీలం పూలు. వెనకాల ఆవిడ కూతురు, నా ఈడుదే, ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి. గిన్నెలో చేప వేసి వండిన నూడుల్స్. అమ్మ మూత తీయకుండానే వాసన పట్టేసింది. గుడ్డు కూడా ముట్టని ఇల్లు మాది. అయినా రెండు చేతులా అందుకుని, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కలిపి నవ్వేసింది. సాయంత్రం నాన్నగారు పారబోసి వస్తానని దాన్ని గరాజ్‌లోకి తీసుకెళ్ళి, పారబొయ్యడానికి పట్టేదానికన్నా చాలా ఎక్కువసేపు అక్కడే ఉండిపోయారు. అమ్మ ఆ గిన్నెని చింతపండు పెట్టి తోమి, సబ్బుతో మూడుసార్లు కడిగి, నీచు గిన్నె గనక వంటింట్లోకి రానివ్వకుండా గరాజ్‌లోనే పెయింట్ డబ్బాల పక్కన బోర్లించింది.

మర్నాడు ఆ పిల్ల నన్ను వాళ్ళ పెరట్లో గాలి ఊదిన నీళ్ళ తొట్టిలోకి పిలిచింది. నాకు వచ్చిన ఇంగ్లీషు పది మాటలు, కానీ నీళ్ళు చిమ్ముకోడానికి అన్ని కూడా అక్కర్లేదు. ఆ నెలంతా రోజూ వెళ్ళాను. నా జీవితంలో అంత సంతోషంగా తడిసిన రోజులు మళ్ళీ లేవు.

ఇక గిన్నె. మన ఇళ్ళలో పొరుగింటి గిన్నె వస్తే ఖాళీగా తిరిగి పంపరు. ఏదీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసి పంపుతారు. అమ్మకి అది చాలదనిపించింది. మనవాళ్ళకైతే పంచదార చాలు గానీ, ఊరు కాని ఊళ్ళో మనల్ని మొదట ఆదరించిన మనిషికి పంచదార పంపుతామా అంది. సున్నుండలు చేస్తానంది. మన సరుకులు దొరికే కొట్టుకి నెలకోసారి వెళ్ళేవాళ్ళం, మినపప్పు వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. పిండి బరకగా వచ్చి ఉండలు విడిపోయాయి. అవి మేం తిన్నాం. బొబ్బట్లు చిరిగిపోయాయి. అవీ మేమే తిన్నాం. ఈలోగా తాతగారు, నాన్నగారి తండ్రి, పోయారని తెనాలి నుంచి టెలిగ్రాం వచ్చింది. ఏటిసూతకం, సంవత్సరం తిరిగేదాకా ఈ ఇంట్లోంచి పిండివంట బయటికి పోకూడదంది అమ్మ.

ఆ పిల్ల మా గుమ్మంలోకి వచ్చి వాళ్ళ అమ్మ గిన్నె అడుగుతోందని చెప్పింది. ఏడాది ఆగమని చెప్పలేక, రెండు రోజుల్లో పంపుతామని చెప్పమంది అమ్మ. చెప్పాను. అలా మూడుసార్లు చెప్పాను. ఖాళీగానే ఇచ్చెయ్యవే, వాళ్ళకివేం పట్టవని నాన్నగారు విసుక్కున్నారు.

“వాళ్ళకి పట్టకపోతే మనకీ పట్టక్కర్లేదా?” అంది అమ్మ.

నాలుగోసారి ఆ పిల్ల రాలేదు. నేను వాళ్ళ పెరటి కంచె దగ్గర నిలబడితే, పక్కింటావిడ కూతుర్ని లోపలికి పిలిచేది. బడి తెరిచాక బస్సు కోసం ఆ పిల్ల తక్కిన పిల్లలతో నిలబడేది, నేను స్తంభం దగ్గర నిలబడేదాన్ని. చలికాలమంతా ఆ స్తంభమే నా నేస్తం. మేం గిన్నె కాజేశామని వాళ్ళనుకుంటున్నారని నాకు తెలుసు. అమ్మకి తెలియదు. ఆవిడ సంవత్సరం తిరిగాక చేసి పంపబోయే పిండివంటకి ఇంకా మంచి బెల్లం కోసం చూస్తోంది.

మళ్ళీ జూన్ వచ్చింది. ఒకరోజు అమ్మ తలంటి పోసుకుంటుండగా గరాజ్‌లోంచి గిన్నె తీశాను. ఖాళీగా ఇస్తే అమ్మ బాధపడుతుందని సగానికి పంచదార పోశాను. పక్కింటి తలుపు కొట్టాను. లోపలంతా అట్టపెట్టెలు. ఆవిడ గిన్నె చూసి ముందు ఆశ్చర్యపోయింది, తర్వాత మూత తీసింది.

“మీ అమ్మకి నేనెప్పుడూ పంచదార అప్పివ్వలేదే, హనీ” అంది.

పంచదారని సింకులో పోసి కుళాయి తిప్పింది. గిన్నె తుడిచి, పాత పేపర్లో చుట్టి పెట్టెలో పెట్టేసింది. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది, కొత్త పళ్ళు వచ్చేశాయి. శనివారం ఒహాయో వెళ్ళిపోతున్నామంది. మా ఇళ్ళలో గిన్నె ఖాళీగా ఇవ్వరు, మా అమ్మ ఏడాదిగా మీ కోసమే ఏదో మంచిది చెయ్యాలని చూస్తోంది అని చెప్పాలని గొంతు దాకా వచ్చింది. అప్పటికి నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు. అయినా “ఓకే” అని మాత్రం అని వచ్చేశాను.

ఇంటికొచ్చి, పంచదార పోసి గిన్నె ఇచ్చేశానని అమ్మకి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తడిజుట్టు తువ్వాలులో చుట్టుకుని అలాగే కుర్చీలో కూర్చుండిపోయింది.

“ఏమందే?” అంది.

“చాలా థాంక్స్ అని చెప్పమంది” అన్నాను.

అమ్మ ముఖం ఎంత వెలిగిందో! ఆ తర్వాత నలభై ఏళ్ళ పాటు, ఎవరైనా ఇక్కడివాళ్ళకి ఆప్యాయతలు తెలియవంటే ఆవిడ ఒప్పుకునేది కాదు. మా మొదటి పక్కింటావిడకి పంచదార పంపితే ఎంత మర్యాదగా అందుకుందో తెలుసా అనేది. నేను పక్కనే తలొంచుకుని కూర్చునేదాన్ని. అమ్మ పోయి ఆరేళ్ళయింది, ఆ అబద్ధాన్ని నమ్మే పోయింది. ఆ పిల్లకి చెప్పలేని నిజం, అమ్మకి చెప్పని నిజం ఇప్పుడు రెండు భాషల్లోనూ తడుముకోకుండా చెప్పగలను. కాలం నాకు మాటలు నేర్పుతూనే, వినవలసిన వాళ్ళని ఒక్కొక్కరినే పంపించేసింది.